జయశీలన్ ఫోన్‌లో తెల్ల పేజీ

విమానం లేచిన ప్రతిసారీ క్యాథరిన్ చేతిలో పని ఆగిపోయేది.

ఆఫీసు అని పేరే గానీ, అది శంషాబాద్‌లో ఒక టైర్ల దుకాణం మీద వేసిన రెండు గదులు. కిటికీ తీస్తే కింద పంక్చర్లు వేసే చప్పుడు, పైన విమానం పొట్ట. అది ఇళ్ళ మీదుగా అంత నిదానంగా తేలిపోతుంటే, నిజంగా అదే కదులుతోందా, లేక అది అక్కడే ఆగి ఉంటే శంషాబాద్ మొత్తం దాని కిందనుంచి వెనక్కి జారిపోతోందా అని ఆమెకు అనుమానం వచ్చేది. బల్ల మీద టీ గ్లాసులో చిన్న చిన్న అలలు లేచి సద్దుమణిగేవి. అవి సద్దుమణిగేసరికి తను ఏం రాస్తోందో మర్చిపోయేది.

"మళ్ళ ఎక్కినవా విమానం?" అనేవాడు ఆ ఆఫీసు పెట్టిన మల్లేశ్వర్. "టికెట్ లేకుంట ఎంత దూరం పోతవమ్మా, దిగు ఇగ."

కలలు కనేవాళ్ళకు పని చేతకాదని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఏదైనా అనుకుంటుంది. క్యాథరిన్ వెబ్ పేజీలు చేసే మనిషి, బాగా చేసే మనిషి. ఆమె రాసిన పేజీలో తెరిచిన ప్రతి ముక్కకూ మూసే ముక్క ఉండేది, ఇంటికి వెళ్ళేముందు తలుపులన్నీ గడియ పెట్టి చూసుకున్నంత జాగ్రత్తగా. ఇరవయ్యారేళ్ళు దాటినా ఆ చూపులో చిన్నపిల్లల పరధ్యానం పోలేదంతే.

అది 2010. ఎయిర్‌పోర్టు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది కార్లు కొనుక్కున్నారు. మామిడిపల్లి వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకుని, ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో ఒక ఖాళీ జాగాలో బండ్లు నిలుపుకుని కిరాయి కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆ జాగానే వాళ్ళకు స్టాండు. ఆ సంఘం కోసం క్యాథరిన్ ఒక పేజీ చేసింది. ప్రయాణికులు ఆ పేజీలో విమానం దిగే వేళ, పోవాల్సిన చోటు రాస్తారు. స్టాండులో ఉన్న డ్రైవర్ తన ఫోన్‌లో అది చూసి, 'ఒప్పుకున్న' అన్న మాట మీద నొక్కితే ఆ కిరాయి అతనిది. పేజీ అడుగున డ్రైవర్లందరి పేర్లూ ఉంటాయి.

పేజీ ఒకటే, దానికి వేషాలు రెండు. కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రయాణికుడికి బొమ్మలూ, దారి చూపే పటమూ ఉన్న నిండు పేజీ. డ్రైవర్ల చిన్న ఫోన్లకు ఒట్టి అక్షరాల పలచటి పేజీ. ఆ ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి కనుక, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. ఎవరికి ఏది ఇవ్వాలన్నదే అసలు పని. పేజీని తెచ్చి చూపించే సాధనాన్ని బ్రౌజర్ అంటారు కదా, అది పేజీ కావాలని అడిగినప్పుడు తన గురించి రెండు ముక్కలు చెప్పుకుంటుంది. మొదటిది, తన పేరు. రెండోది, తను ఏమేం తీసుకోగలదో. క్యాథరిన్ పేరు మాత్రమే చూసింది. పేరు వింటే ఎవరో తెలుస్తుంది, ఎవరో తెలిస్తే ఏం ఇవ్వాలో తెలుస్తుంది, ఇక రెండో ముక్కతో పనేముంది?

పని చేస్తూ చేస్తూ ఆమె ఆ దృశ్యంలోకి జారిపోయేది. ఎక్కడో గాలిలో ఒక గుమ్మం. దాని ముందు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బ్రౌజర్లు నిలబడి ఉంటాయి, కొన్ని సూటుబూటులో, కొన్ని లుంగీలో. తను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి పేరూ అడిగి, తగిన పేజీ చేతిలో పెట్టి పంపుతూ ఉంటుంది. ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళరు. ఆ ఊహ ఆమెకు ఎంతో ఇష్టం.

ఒక్క మనిషి మాత్రం ఆ గుమ్మం దగ్గరికి రావడం లేదు. ఆయన ఆమె తండ్రి జయశీలన్.

సంఘంలో అందరికన్నా పెద్ద డ్రైవర్ ఆయనే. ఎయిర్‌పోర్టు కంటే ముందు నుంచీ బండి నడుపుతున్నవాడు. ఆ వర్షాకాలంలో ఒక సాయంత్రం ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఆయన తెల్ల ఇండికా కారు డివైడర్‌ను గీరుకుంటూ పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బండి తలుపు మాత్రం సొట్టపోయింది. ఎదుటి బండి లైటు కళ్ళలో పడిందన్నాడు. మర్నాడు డ్రైవర్లకు పేజీ వాడడం నేర్పడానికి స్టాండుకు వెళ్ళిన క్యాథరిన్, ఆ సొట్ట చూడగానే, ముందూ వెనకా చూడకుండా అందరి ముందరే అనేసింది.

"బాపూ, నీకు కండ్లు సక్కగ కనపడ్తలేవు. ఇగ బండి బంజెయ్యి."

ప్రేమతోనే అంది. ప్రేమతో అన్న మాటకు పదును ఉండదని ఎవరు చెప్పారు? ఎవరో కిసుక్కున నవ్వారు. మిగతావాళ్ళు తలలు తిప్పుకున్నారు. జయశీలన్ బండి అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఆ రోజు నుంచీ కూతురితో మాట మానేశాడు.

ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోకుండా ఉండాలంటే మధ్యలో ఒక మనిషి అరిగిపోవాలి. ఆ మనిషి తల్లి సీతమ్మ.

"మీ బాపును తినమను," అనేది క్యాథరిన్, ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని ఉండగానే.

"ఆకలి లేదని చెప్పు," అనేవాడు ఆయన గోడతో.

"నేనేమన్న పోస్టాఫీసునా మీకు?" అనేది సీతమ్మ, ఇద్దరి కంచాల్లోనూ అన్నం వేస్తూ.

ఆయన రోజూ తెల్లవారగానే స్టాండుకు వెళ్ళిపోతాడు, పొద్దు గూకకముందే ఇల్లు చేరుకుంటాడు. కూతురు వచ్చేసరికి చాలాసార్లు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాడు. తనను చూడడం ఇష్టం లేకే అంత పెందరాళే వచ్చేస్తున్నాడని ఆమెకు ఏడుపొచ్చేది. పేజీలో ఎవరెవరు కిరాయిలు ఒప్పుకున్నారో ఆఫీసులో కూర్చుని చూసుకునేది. అందరూ ఉండేవారు. జయశీలన్ ఉండేవాడు కాదు, ఒక్క రోజు కూడా. ఆయన పేరు అడుగున అట్లాగే ఉంది, 'ఒప్పుకున్న' మీద ఆయన వేలు పడలేదంతే.

స్టాండులోనే బండి నడిపే ఆశేర్‌ను అడిగింది. ఆశేర్ ఆమె చిన్నాన్న కొడుకు.

"పెద్దబాపు ఆ పేజీ ముచ్చటెత్తితె లేచిపోతున్నడక్కా," అన్నాడు వాడు. "నాకు ఆ డబ్బా అక్కర్లేదంటడు. రోడ్డు మీద ఎవరన్న చెయ్యెత్తితె ఎక్కించుకుంటడు, లేకుంటె లేదు. మొండిగ ఉన్నడు."

మొండి. ఆ మాట ఆమెకు సరిపోయినట్టే అనిపించింది. నా మీద కోపం, నేను చేసిన పేజీ మీద కూడా కోపం అనుకుంది. ఒక్కసారి ఆయన 'ఒప్పుకున్న' నొక్కితే చాలు, నన్ను క్షమించినట్టే అని మనసులో గుర్తు పెట్టుకుంది. రోజూ దానికోసమే చూసేది.

అదే రోజుల్లో పేజీకి వచ్చిపోయేవాళ్ళలో ఒక కొత్త మనిషి ఆమె కంట పడ్డాడు. పేరు చూస్తే ఏదో పెద్ద కంప్యూటర్. నిండు పేజీ ఇస్తే సగం దాకా తీసుకుని వదిలేసేవాడు. కాసేపాగి మళ్ళీ అడిగేవాడు. మళ్ళీ సగంలో వదిలేసేవాడు. పొద్దున్నే మొదలుపెట్టి సాయంత్రం దాకా, అట్లా ఎన్నిసార్లో. నెట్ సరిగా రాని ఏదో ఊళ్ళో, ఏదో ఆఫీసులో కూర్చుని ఉన్న ప్రయాణికుడై ఉంటాడనుకుంది. ఇన్నిసార్లు అడుగుతున్నాడంటే ఎవరినో తీసుకురావడానికి ఎంత ఆత్రపడుతున్నాడో పాపం. ఆ పరాయి మనిషి మీద ఆమెకు జాలి పుట్టుకొచ్చింది. అతనికో మొహం కూడా కల్పించుకుంది, బట్టతల, దళసరి కళ్ళద్దాలు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాను ఆగి, బల్ల మీదే తల వాల్చి కునుకు తీసింది. అంతా పొగమంచు. రన్‌వేలాగా పొడుగ్గా తెల్లగా ఒక నేల, దానికి చివర లేదు. ఆ తెలుపులో ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు. ఏమండీ అని పిలిస్తే పలకరు. దగ్గరికి పోదామంటే ఎంత నడిచినా ఆ దూరం అంతే ఉంటోంది. ఆ మనిషి మెల్లగా చెయ్యెత్తి, లేని తలుపును తట్టినట్టు గాలిని తట్టాడు. చప్పుడు రాలేదు. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, ఎందుకో తెలియలేదు. మల్లేశ్వర్ టీ తెప్పించాడు.

నవంబరులో మామిడిపల్లి చర్చిలో కోతపండుగ వచ్చింది. పొలం ఉన్నవాళ్ళు వడ్లూ గుమ్మడికాయలూ తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు, పొలం లేనివాళ్ళు కోళ్ళు తెచ్చారు. ఆరాధన కాగానే షామియానా కింద ప్రేమవిందు. చాపలు పరిచి, విస్తళ్ళు వేసి, అందరినీ పంక్తుల్లో కూర్చోబెడతారు. ఆ పంక్తిలో కూర్చున్నవాణ్ణి నువ్వెవరు, ఏ ఇంటివాడివి అని అడగకూడదు. చర్చి సంఘస్థుడైనా సరే, దారిన పోతూ వాసనకు ఆగినవాడైనా సరే, విస్తరి ముందు కూర్చుంటే పెట్టడమే. ఆ ఊళ్ళో తాతల నాటి నుంచీ వస్తున్న పద్ధతి అది. వడ్డించేది ఆడపిల్లలు.

క్యాథరిన్ చేతికి మసాలా వేసి వండిన బగారన్నం బకెట్ వచ్చింది. ఒక్కొక్క విస్తట్లో వడ్డిస్తూ, వంచిన నడుము ఎత్తకుండా పోతూ పోతూ, ఒక విస్తరి ముందు ఆగిపోయింది. అక్కడున్న చేతులు తనకు తెలుసు. స్టీరింగ్ పట్టి పట్టి కాయలు కాసిన చేతులు.

గరిటె నిండా అన్నం తీసింది. జయశీలన్ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తల ఎత్తలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లతో అన్నట్టుగా అన్నాడు.

"గిది నాతోని కాదు. పన్ను నొస్తున్నది. జర మెత్తటిదేమన్న ఉంటె పెట్టు."

ఇన్నాళ్ళ తర్వాత తండ్రి ఆమెతో అన్న మొదటి మాటలు అవి. సంతోషపడాలో బాధపడాలో తెలియక, బకెట్ అక్కడే పెట్టేసి వంటల దగ్గరికి పరిగెత్తింది. తెల్లన్నంలో పప్పుచారు పోసి, గరిటెతో మెదిపి, గిన్నెలో పెట్టుకుని వెనక్కి వచ్చింది.

ఆయన ఆమె రావడం చూడలేదు. ఎడమచేత్తో జేబులోంచి ఫోన్ తీసి, ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. కోఠిలో కొన్న చైనా ఫోన్, రెండు సిమ్ములు, పాటలు పెడితే వీధంతా వినపడేది. క్యాథరిన్ ఆయన భుజం వెనక నిలబడి ఉంది. తెర మీద ఒక చిన్న చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. తర్వాత తెరంతా తెల్లగా అయిపోయింది. ఒక్క అక్షరం లేదు. తెర పైన మాత్రం చిన్నగా పేజీ చిరునామా ఉంది, ఆమె పేజీదే.

ఆయన ఆ తెలుపు వంక కాసేపు చూశాడు. మళ్ళీ నొక్కాడు. చక్రం మళ్ళీ తిరిగింది. మళ్ళీ తెలుపు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి ఫోన్ జేబులో దాచేసుకున్నాడు. తప్పు చేస్తూ దొరికిన పిల్లవాడి మొహం ఆయనది.

క్యాథరిన్ వంగి ఆ మెత్తటి అన్నం విస్తట్లో పెట్టింది.  పెద్ద కంప్యూటర్ పేరు పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సగం పేజీ తీసుకుని వెళ్ళిపోతున్న ఆ పరాయివాడికి బట్టతలా లేదు, కళ్ళద్దాలూ లేవు. ఆయనకు మొండితనమూ లేదు. రోజూ ఆమె గుమ్మం దగ్గరికే వస్తున్నాడు. రోజూ ఆమే ఉత్త చేతులతో పంపేస్తోంది. బండి బంజెయ్యమన్న కూతురే తన పేరు కొట్టేసిందని ఆయన అనుకుంటున్నాడు. అడిగితే అవునంటుందేమోనని అడగడం లేదు. ఇదంతా ఆమెకు ఒక్కసారిగా తెలిసిపోయింది, పప్పుచారు గిన్నె చేతిలో ఉండగానే.

అక్కణ్ణించి తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది. ఆదివారమైనా మల్లేశ్వర్ అక్కడే ఉన్నాడు, లెక్కల మీద కునుకుతూ. వచ్చిపోయినవాళ్ళ జాడ తీసి చూస్తే, విందు వేళకు ఆ పెద్ద కంప్యూటర్ మళ్ళీ వచ్చి రెండుసార్లు సగంలో వెళ్ళిపోయి ఉంది. అనుమానం లేదు.

ఫోన్ ఎందుకు అబద్ధం చెప్పింది? అబద్ధం చెప్పక ఏం చేస్తుంది. చిన్న బ్రౌజర్ వచ్చి చిన్న పేరు చెబితే పెద్ద పెద్ద పేజీల వాళ్ళు నువ్వెవరో మాకు తెలియదు పొమ్మంటారు. పిలవని పెళ్ళికి పోయినవాడు మగపెళ్ళివారి తరఫు అని చెప్పుకున్నట్టు, అందరూ ఏదో పెద్ద పేరు తగిలించుకు తిరుగుతున్నారు. ఆ ఫోన్ చేసినవాడు కూడా దానికి అట్లాగే ఒక పెద్ద పేరు పెట్టి పంపాడు. క్యాథరిన్ ఆ పేరును నమ్మి, ఆ చిన్న నోట్లో పట్టనంత పేజీ కుక్కుతోంది. కానీ ఆ ఫోన్ రెండో ముక్కలో అబద్ధమాడలేదు. నాకు పలచటి పేజీ ఒక్కటే పడుతుంది, ఇంకేదీ పడదు అని ప్రతిసారీ చెబుతూనే ఉంది. గిది నాతోని కాదు, మెత్తటిదేమన్న ఉంటె పెట్టు. రోజూ అదే అడుగుతోంది. ఆమె చెవిన పెట్టలేదు.

మల్లేశ్వర్‌కు అంతా చెప్పింది. ఆయన గడ్డం గీరుకున్నాడు.

"మార్చుడు ఎంతసేపు?"

"ఎంతసేపు లేదు సార్. పేరు చూసుడు పక్కన పెట్టి, ముందు ఏం తీసుకుంటడో చూస్తె అయిపోతది. ఏదైన తీసుకుంట అని గొప్పలు చెప్పే పాత బ్రౌజరొకటున్నది, దానికి మాత్రం పేరు చూడాలె."

"అయితె మార్చకు."

ఆమె తలెత్తి చూసింది.

"కోపానికి రాకు. మీ బాపుకు కండ్లు కనపడయని నువ్వే అంటివి గద? బండి బంజెయ్యమంటె విన్నడా? లేదు. ఇప్పుడు నువ్వేం చెప్పకుంటనే, ఎవ్వరు చెప్పకుంటనే, కిరాయిలు తగ్గినయి. ఇంకొన్ని దినాలైతె ఆయనే అలిసిపోయి ఇంట్ల కూసుంటడు. నీ చెయ్యి పడకుంట మంచే అయితున్నది. గట్లనే ఉండనియ్యి."

మల్లేశ్వర్ చెడ్డవాడు కాదు. అందుకే ఆ మాట అంత బలంగా తగిలింది. క్యాథరిన్ కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. ఒక విమానం దిగుతోంది, మధ్యాహ్నపు ఎండలో రెక్కలు మెరుస్తూ. దాన్ని చూస్తూ ఉండగా అంతా తేలికైపోయినట్టు అనిపించింది. నిజమే, తను కోరుకున్నదీ అదే కదా. ఆరాంఘర్ డివైడర్ లేదు, ఎదుటి లైట్లు లేవు, సాయంత్రం ఫోన్ మోగితే గుండె అదరడం లేదు. ఆయన ఇంట్లో ఉంటాడు. క్షేమంగా ఉంటాడు. ఒక్క క్షణం ఆమెకు నిజంగా సంతోషం కలిగింది. ఆ వెంటనే ఆ సంతోషం మీద అసహ్యం వేసింది.

ఒళ్ళో ఫోన్ పెట్టుకుని ఎవరూ చూడకుండా తెలుపు వంక చూసుకునే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి క్షేమం అనుకోవడమా?

"సార్," అంది వెనక్కి తిరక్కుండానే. "బండి బంజెయ్యమని చెప్పేదుంటె మళ్ళ నేనే చెప్త, ఎదురుంగ నిలబడి చెప్త. తిడితె పడ్త. తలుపు పెట్టేసి, పెట్టలేదన్నట్టు ఊకుండుడు నాతోని కాదు."

 మల్లేశ్వర్ లేచి, తన బల్ల మీది ఫ్యానును ఆమెవైపు తిప్పాడు.

పని ముగించి, ఇంటికి వెళ్ళి, ఆ రాత్రి ఎప్పటిలాగే గోడవైపు తిరిగి ఉన్న తండ్రి వీపును చూసింది. చెప్పేద్దామా అనుకుంది. చెబితే నమ్ముతాడా? పేరు కొట్టేసి, జాలిపడి మళ్ళీ రాసిందనుకుంటాడు. ఆయన కళ్ళతో ఆయనే చూడాలి.

సోమవారం పొద్దున్నుంచీ ఆఫీసులో కూర్చుని ఎదురుచూసింది. ఎవరెవరో వచ్చారు, నిండు పేజీ తీసుకుపోయినవాళ్ళు, పలచటి పేజీ తీసుకుపోయినవాళ్ళు. ఆ పెద్ద పేరు చెప్పుకునే చిన్న ఫోన్ మాత్రం రాలేదు. మధ్యాహ్నమైంది. విమానాలు లేచాయి, దిగాయి, ఆమె తలెత్తి చూడలేదు. ఎండ గోడ మీద నుంచి నేల మీదికి, నేల మీద నుంచి గుమ్మం దాకా పాకింది. ఉండలేక ఆశేర్‌కు ఫోన్ చేసింది.

"బాపు ఏడున్నడ్రా?"

"గీడనే ఉన్నడక్కా, బండ్ల కూసున్నడు. ఇంటికి పోతనంటున్నడు."

"ఫోన్ చూస్తలేడా?"

"పొద్దటికెళ్ళి జేబులకెళ్ళి తియ్యనేలేదు. నిన్న పండుగ కాడికెళ్ళి ఒక తీరుగ ఉన్నడు."

ఆలస్యమైపోయిందనుకుంది. మనిషి అడిగి అడిగి, ఇంక చాలనుకుని మానేశాక తలుపు తీసి ఏం లాభం? ఆమె తెర వంక చూస్తూ ఉండిపోయింది. చూపు మసకబారి, అక్షరాలన్నీ కరిగి తెల్లగా అయిపోయాయి. ఆ తెలుపులో అటు తిరిగి నిలబడ్డ మనిషిని, బాపూ, ఒక్కసారి అడుగు, ఇంకొక్కసారి అని మనసులోనే బతిమాలుకుంది.

ఎండ పచ్చబడే వేళకు వచ్చాడు.

పెద్ద పేరు. పలచటి పేజీ ఒక్కటే పడుతుందన్న మనవి. ఈసారి ఆమె రాసిన కొత్త ముక్క ఆ మనవిని విని పలచటి పేజీ ఇచ్చింది. పూర్తిగా తీసుకున్నాడు. సగంలో వదల్లేదు. క్యాథరిన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎండ పోయేదాకా ఏమీ జరగలేదు. చదువుకుంటున్నాడేమో. అడుగు దాకా వెళ్ళి, పేర్లన్నీ చూసుకుంటున్నాడేమో.

అంతలో ఒక కిరాయి పక్కన కొత్త పేరు వెలిగింది. చీకటిపడే వేళ దిగే విమానం, పోవాల్సింది దిల్‌సుఖ్‌నగర్. ఒప్పుకున్నది జయశీలన్.

ఇన్నాళ్ళూ దేనికోసం ఎదురుచూసిందో అది జరిగింది. ఆమెకు సంతోషం రాలేదు, భయం వేసింది. చీకటి పడ్డాక ఆరాంఘర్ మీదుగా, ఎదురుగా లారీల లైట్లు. ఆ లైట్ల ముందుకు ఆయన్ను తనే పంపింది. ఫోన్ అందుకుని నంబరు వెతుకుతుంటే, చేతిలో ఫోన్ తనంతట అదే మోగింది. తెర మీద బాపు అని ఉంది.

"బాపూ."

అవతల గాలి చప్పుడు. ఎవరో హారన్ కొట్టారు.

"నా పేరున్నది," అన్నాడు జయశీలన్.

"ఉన్నది బాపూ. ఎప్పటికెళ్ళో ఉన్నది. నేను తియ్యలే. నీ ఫోన్‌కు పేజీ సరిగ ఇయ్యలే నేను, తప్పు నాది. నిన్ననే ఎరుకైంది."

"తీసేసినవనుకున్న బిడ్డా," అన్నాడు ఆయన. "కండ్లు కనపడ్తలేవని అంటివి గద."

 దిల్‌సుఖ్‌నగర్ పోవద్దని చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఆ మాట చెబితే మళ్ళీ ఆ స్టాండులో నిలబడి అరిచినట్టే అవుతుంది. నోరు తెరిచింది. ఈలోగా ఆయనే అన్నాడు.

"నిజంగనే కనపడ్తలేవు."

క్యాథరిన్ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"పగలు మంచిగనే ఉంటది. పొద్దు గూకితె ఎదురుంగ వచ్చే లైటొక్కటే కనపడ్తది, రోడ్డు కనపడదు. అందుకే రోజు జల్ది ఇంటికొస్తున్న. ఎవ్వరికి చెప్పలే. చెప్తె ఇగ పేరు తీసేస్తరు గద అని... తీసేసిండ్రనే అనుకుంటిని గని, అయినా చెప్పలే."

"మరి గా కిరాయి ఎందుకు ఒప్పుకున్నవు బాపూ?"

"నొక్కితె పడ్తదా లేదా అని చూసిన." ఆయన నవ్వాడు, ఎంతో సిగ్గుపడుతూ. "పడ్డది. ఆశేర్‌ను పొమ్మన్న. వాడు పోతడు. నేను ఈడనే బండ్ల కూసున్న, పేరు చూసుకుంట కూసుంటె పొద్దు గూకింది, ఇగ నడపలేను. నువ్వు రా. వచ్చి నా పక్కన కూసో, బండి ఈడనే ఉంచి ఆటోల పోదం ఇంటికి. రేపు కండ్ల దవాఖానకు తోల్కపో నన్ను. డాక్టరు వద్దంటె బంజేస్త. నువ్వు వద్దన్న బంజేస్త."

ఆమె ఏడుస్తోందని ఆయనకు తెలిసినట్టుంది, గొంతు తగ్గించాడు.

"గని పేరు మాత్రం ఉండనియ్యి బిడ్డా. గంతే."

"ఉంటది బాపూ," అంది క్యాథరిన్.

ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, చెప్పులు వేసుకుని, మల్లేశ్వర్‌కు చెప్పి మెట్లు దిగింది. కింద టైర్ల దుకాణంలో లైట్లు వేస్తున్నారు. స్టాండు వైపు పోయే ఆటో కోసం ఆమె రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తింది.